ధూమత్యాగ వ్రత విధానం (పెదకాకాని పాఠం)

సిగరెట్ మానేసి బాగుపడాలనుకునేవాళ్ల కోసం రాసిన పుస్తకాలు బోలెడున్నాయి. మానేసి కూడా సుఖపడకుండా, పగలంతా నాలుక పీకుతూ, రాత్రంతా కన్ను మూతపడకుండా, నెల తిరిగేలోగా మళ్లీ పెట్టె కొనేలా ఎలా నడుచుకోవాలో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. మా చుట్టుపక్కల చాలామంది ఏ పుస్తకమూ ముట్టకుండానే ఈ విద్యలో ఆరితేరారు. వారి ఆచారం చూసి కూర్చిన విధానం ఇది.

ముందు స్థలమహిమ. పెదకాకాని నుంచి గుంటూరు పిలిస్తే పలుకుతుంది. ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీ 1912లో పుట్టింది ఈ జిల్లాలోనే. పొగాకు బోర్డు 1976లో ఏర్పడితే దాని కేంద్ర కార్యాలయం గుంటూరులోనే పెట్టారు. ఇంకా దక్షిణానికి పోతే ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాలు. ఇంతటి పుణ్యక్షేత్రంలో నిలబడి పొగ మానేస్తానన్నవాడికి విఘ్నాలు వాటంతటవే వస్తాయి. రాకపోతే పిలవాలి.

సంకల్పం

ఈ రోజే మొదలుపెట్టకూడదు. ఉగాదో, శివరాత్రో, పుట్టినరోజో చూసుకోవాలి. ఆ ముహూర్తం వచ్చేదాకా రోజూ నాలుగు ఎక్కువ తాగటం ఆచారం. ముందురోజు రాత్రి ‘ఆఖరి పెట్టె’ ఖాళీ చేసి, దాంట్లో ఒక్కటి మిగిల్చి, బీరువా మీద దాచాలి. ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగితే ధైర్యం కోసమని చెప్పాలి. మల్లేశ్వరస్వామి గుళ్లో మొక్కుకుని, బాజీబాబా దర్గాలో కూడా ఒక మాట చెప్పి వస్తే మరీ మంచిది. రేపు తప్పినప్పుడు భారం ఒక్కరి మీదే పడదు.

తర్వాత ఊరంతా చాటాలి. తోడుండే మనుషులు ఇద్దరుంటే వాళ్లకు మాత్రం చెప్పకూడదు. పందెం కాసేవాళ్లకు చెప్పాలి.

ద్రవ్యాలు

సోపు, లవంగాలు, వక్కపొడి, నికోటిన్ చూయింగ్ గమ్. ఈ చివరిదాని దగ్గర జాగ్రత్త అవసరం, పొరపాటున సరిగా వాడితే పనిచేస్తుంది. సరైన పద్ధతేమిటంటే, నిదానంగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ పంటి చిగురుకూ మధ్య పెట్టి ఊరుకోవాలి. చురుకు తగ్గితే మళ్లీ నాలుగుసార్లు నమలాలి. నికోటిన్ ఒంట్లోకి చేరేది చిగుళ్ల దారినే. కాఫీలూ కూల్‌డ్రింకులూ నోటిని పులుపెక్కించి ఆ దారి మూసేస్తాయి కాబట్టి గమ్‌కు ముందు ఓ పావుగంట, గమ్ నోట్లో ఉన్నంతసేపూ నీళ్లు తప్ప ఏదీ తాగకూడదు. మన వ్రతంలో అందుకు విరుద్ధంగా కుడిచేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని, గమ్‌ని చిన్నపిల్లల బబుల్‌గమ్‌లా గబగబా నమిలి, రసం మింగాలి. ఎక్కిళ్లు వస్తాయి, కడుపులో మండుతుంది, యావ చెక్కుచెదరదు. ‘ఇదంతా మందుల కంపెనీల మోసం’ అని చెప్పటానికి సాక్ష్యం దొరుకుతుంది.

పొగే కదా మానాలనుకున్నది, ఖైనీ పెట్టుకుంటే పోలా అని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి కొట్టు దగ్గరా ఒకాయన ఉంటాడు. దేశంలో పొగాకు తాగేవాళ్ల కన్నా నమిలేవాళ్లు రెట్టింపు ఉన్నారని 2016-17 జాతీయ సర్వే తేల్చింది. వాళ్లలో ఎందరు ఇలా సిగరెట్ మానేసి వచ్చినవాళ్లో నాకు తెలియదు.

యావను పోషించే విధం

ఇది వ్రతానికి గుండెకాయ.

పీల్చిన దమ్ములోని నికోటిన్ పది, ఇరవై సెకన్లలో మెదడు చేరుతుంది. రోజుకో ఇరవై సిగరెట్ల పెట్టె తాగేవాడు, సిగరెట్‌కు పది దమ్ముల చొప్పున, రోజుకు రెండొందలసార్లు మెదడుకు తాయిలం పెట్టినట్టు. ఏ దేవుడికీ ఇన్ని నైవేద్యాలు జరగవు. ఆపిన కొద్ది గంటలకే మెదడు పేచీ మొదలుపెట్టి, రెండో రోజు, మూడో రోజు ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆ తర్వాత తగ్గుముఖం పట్టి, మూడు నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. ఇక ఒక్కో యావ అయితే నాలుగైదు నిమిషాలే. తాగినా పోతుంది, తాగకపోయినా పోతుంది. మనవాళ్లు తాగి, ‘తాగితేనే పోయింది’ అంటారు.

అంత చిన్న అతిథిని గంటసేపు కూర్చోబెట్టటం ఎలాగన్నదే మన ప్రశ్న. పాత టీకొట్టుకే వెళ్లాలి. పాత బల్ల మీదే కూర్చోవాలి. పొగ వచ్చే దిక్కున కూర్చుంటే ఇంకా శ్రేష్ఠం. సంభాషణ దానంతటదే నడుస్తుంది.

"ఏంది బావా, మానేశావంటగా?"

"మానేశా బావా."

"మంచి పనే. మా పెద్ద మేనమామ కూడా మానేశాడు."

"ఎట్టా ఉన్నాడిప్పుడు?"

"పోయాడు. తొంభై ఏళ్లు బతికాడు. డెబ్భై ఏళ్లు చుట్ట తాగినప్పుడు ఏం కాలా. మానేసిన ఏడాదికే పోయాడు."

ఈ మేనమామ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. యాభై అయిదుకే గుండె ఆగి పోయినవాళ్లు ఎదురు వాదించటానికి టీకొట్టుకు రాలేరు కాబట్టి ఆయనే ఎప్పుడూ గెలుస్తాడు. ఆ వాదంలో తలదూర్చి, ‘అదీ నిజమే’ అనటం వ్రతస్థుడి విధి.

వెంటనే రెండో వాదం వస్తుంది: మనం మానేస్తే పొగాకు రైతు గతేంగాను? వినటానికి చాలా గొప్పగా ఉంటుంది, దేశసేవ చేసినట్టుంటుంది. పర్చూరు వైపు నల్లబర్లీ వేసిన రైతును అడిగి చూడండి. 2025లో కంపెనీలు ముఖం చాటేసి ధర పడిపోతే, సర్కారు మార్క్‌ఫెడ్‌ను దింపి కొనిపించాల్సి వచ్చింది. ఊళ్లో అందరూ తాగుతూనే ఉన్నారు అప్పుడు కూడా. వీళ్లు కాల్చిన సిగరెట్లు ఆ బేళ్లను ఒక్క అంగుళం కదల్చలేదు.

చివరి అస్త్రం ‘ఒక్క దమ్మే కదా’. వంద రూపాయలు అప్పడిగితే ముఖం తిప్పుకునే మనిషి, మానేసినవాడికి మాత్రం సిగరెట్ తనే తీసి, తనే వెలిగించి, చేతిలో పెడతాడు. అలాంటి ఔదార్యాన్ని కాదనటం మర్యాద కాదు. ఆ ఒక్క దమ్ము లాగాక, ‘సరే, ఒకసారి జారాను, రేపటి నుంచి మళ్లీ’ అనుకునే అల్పులు కొందరుంటారు. నిజానికి మానగలిగినవాళ్లలో చాలామంది రెండు మూడుసార్లు జారి లేచినవాళ్లే. మన వ్రతంలో ఆ వెసులుబాటు లేదు. ఒక్క దమ్ము తాగితే సంకల్పం సర్వనాశనమైనట్టే లెక్క వేసుకుని, నిండు పెట్టె కొనాలి.

జాగరణ

శివరాత్రికి కాకానిలో జాగరణ చేయటానికి భజనలు కావాలి. సిగరెట్ మానేసినవాడికి మంచం చాలు. పడుకున్న అరగంటకు నిద్ర రాదు, వచ్చిన నిద్ర రెండింటికి తెగుతుంది. హైవే మీద లారీల మోత, సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డుకు పోయే టిక్కీల లారీలు, కాకాని స్టేషన్ మీదుగా పోయే గూడ్సు బండ్లు, ఇన్నేళ్లుగా వినపడనివన్నీ వరుసగా వినపడతాయి. నికోటిన్ ఆగితే మొదటి వారాల్లో నిద్ర ఇలా ముక్కలవటం మామూలే. మామూలుదాన్ని మహా జాగరణగా మార్చే సాధనం ఒకటుంది. అది టీ.

దీని శాస్త్రం తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. సిగరెట్ పొగలోని తారు పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును పరుగులు పెట్టిస్తాయి. కాఫీ, టీలలోని కెఫీన్‌ను విరగ్గొట్టేది ఆ ఎంజైమే. పొగతాగేవాడి ఒంట్లో కెఫీన్ ఇట్టే ఖర్చయిపోతుంది. రాత్రి పదింటికి టీ తాగి పదిన్నరకు గురకపెట్టే మొనగాళ్ల రహస్యం ఇదే. పొగ ఆపిన కొద్ది రోజుల్లోనే ఆ ఎంజైము నెమ్మదిస్తుంది. అవే నాలుగు టీలు తాగినా నెత్తుట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ఎవర్ని చూసినా కొట్టబుద్ధవుతుంది. పాపం ఆ మనిషి ఇదంతా సిగరెట్ లేక అనుకుంటాడు. సిగరెట్ బదులుగా ఇంకో రెండు టీలు పెంచుతాడు. ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు నాకు తెలిసి లేదు. (ఆయాసానికి థియోఫిలిన్ బిళ్లలు వాడేవాళ్లకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. మానేసిన సంగతి డాక్టరుకు చెప్పాలి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. ఈ ఒక్క మాట వెటకారం కాదు.)

అయినా నిద్ర ముంచుకొస్తుంటే క్వార్టరు సీసా ఉంది. మందు మొదటి సగం రాత్రి పడుకోబెట్టి, రెండో సగం లేపి కూర్చోబెడుతుంది. పైగా గ్లాసు పట్టుకున్న చెయ్యి రెండో చేతిని సిగరెట్ అడుగుతుంది. నికోటిన్ ప్యాచీ వేసుకునేవాళ్లు రాత్రి దాన్ని తీయకుండా పడుకుంటే రంగురంగుల కలలొస్తాయి. ప్యాచీ లేకపోయినా కలలు గ్యారంటీయే, అందులో చాలావాటిలో సిగరెట్ తాగుతూ ఉంటాం. చెమటలు పట్టి లేచి, తాగలేదని తెలుసుకుని, దిండు కింద చెయ్యి పెట్టి వెతుక్కుంటాం. కలలో తాగినందుకు ప్రాయశ్చిత్తంగా మెలకువలో ఒకటి వెలిగించాలని కొందరు పెద్దల మతం. బీరువా మీద దాచింది ఇక్కడ అక్కరకొస్తుంది.

తెల్లారాక ఇంట్లో అందరి మీదా అరవాలి. మూడో రోజుకు ఇంటావిడే, "తాగండి బాబూ, మీ సిగరెట్టే నయం" అంటుంది. ఆ మాటను అనుమతిపత్రంగా భద్రపరచుకోవాలి.

వ్రతభంగం

వ్రతం చెడగొట్టే ప్రబుద్ధులు కొందరున్నారు, గుర్తుపట్టటానికి వాళ్ల లక్షణాలు రాస్తున్నాను. టీలు సగానికి తగ్గిస్తారు, మధ్యాహ్నం రెండు దాటాక గ్లాసు ముట్టరు. యావ వస్తే గడియారం చూసుకుని స్టేషన్ దాకా నడిచివస్తారు, వచ్చేసరికి అది పోయి ఉంటుంది. ఎన్నింటికి పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేస్తారు. పగలు కునుకు తీయరు. ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరిగితే పెరిగాయిలే అనుకుంటారు. ఓ నెల రోజులు టీకొట్టు మార్చేస్తారు. ఇలాంటివాళ్లను చూసి బావ, "వాడికి మనసు గట్టిది" అంటాడు. మనసు సంగతి నాకు నమ్మకం లేదు. వాళ్లు మార్చింది కొట్టు.

వీళ్లకు తోడు, ఫోన్‌లో సలహా ఇచ్చి మాన్పించటానికి ప్రభుత్వం 2016లో పెట్టిన క్విట్‌లైన్ ఒకటుంది. దాని నంబరును 2018 సెప్టెంబరు నుంచి సిగరెట్ పెట్టె మీదే అచ్చు వేయిస్తున్నారు. మానేసినవాడి దగ్గర పెట్టె ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: 1800-11-2356. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.