ఫార్మాట్ సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలము: "డ్రైవు నందలి డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలయును. చేయుదువా?"

అవతారిక: పెన్‌డ్రైవు మూర్ఛిల్లిన వేళ విండోస్ అను దేవత పలికిన వాక్యమిది. విజయనగరం కంప్యూటరు దుకాణాల్లో దీనికి వేదవాక్కుతో సమానమైన ప్రామాణ్యం కలదు.

ప్రతిపదార్థము: సులభము. విడిచితిమి.

విశేషము: ఈ విధి ఎవరి క్షేమానికని పూర్వపక్షి ప్రశ్న. డిస్కు క్షేమానికని సిద్ధాంతము. లోపలి ఫైళ్ల ఊసు మూలంలో ఎక్కడా లేదు. లేనిదానికి వ్యాఖ్య రాయుట మల్లినాథుని సంప్రదాయము కాదు.

ఇచట తాటాకు ప్రసక్తి అవసరము. (కాదనువారు ఈ పేరా దాటిపోవచ్చును.) గంటంతో గీసిన ఆకుకు మసి పూస్తేనే అక్షరం కనబడుతుంది. మసి పోయినా గీత పోదు. తాడు తెగి ఆకులు చెల్లాచెదరైతే పండితుడు కుప్ప ముందు బాసింపట్టు వేసుకొని, ఇష్టదేవతాస్తుతి ఉన్న ఆకును మొదలుగా, ఆశ్వాసాంత గద్య ఉన్నదాన్ని చివరగా పట్టి, పద్యం నడక చూసి నడిమి ఆకులు చేరుస్తాడు. పరాయి ఆకు ఒక్కటి దూరిందా, నాయిక విరహంలో జ్వరానికి కషాయం కాస్తారు. దానికీ ఔచిత్యం నిరూపించగల పరిష్కర్తలున్నారు. పీఠికలో నలభై పేజీలు... ఏమి చెప్పుచుంటిమి? పెన్‌డ్రైవు.

ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము చేసేదీ ఆ పరిష్కర్త పనే. ఫైళ్ల పట్టిక చెడినా తలా తోకా చూసి ఫైలును పట్టుకుంటుంది. జేపెగ్ ఫొటో ఎఫ్ఎఫ్ డీ8 అనే గుర్తుతో మొదలై ఎఫ్ఎఫ్ డీ9తో ముగుస్తుంది. పాత పేర్లు మాత్రం సాధారణంగా దక్కవు. ముక్కలుగా నిల్వైన ఫైలు చాలాసార్లు సరిగ్గా అతుక్కోదు.

క్విక్ ఫార్మాట్ చేసినా పట్టికే కొత్తదవుతుంది, కింద ఫైళ్లు చాలావరకు ఉంటాయి. ఆ మాత్రానికి నేనూ ఊరుకుందును. కానీ "ఫార్మాట్ కొట్టీసేను మాస్టారూ, ఇప్పుడు బాగా పన్జేస్తంది" అని, దుకాణం బాబు నమ్మకం కోసం దాన్నిండా సినిమా పాటలెక్కించి చూపిస్తే ఏమనాలి? ఆ చోట మా నాన్నగారి హరికథ ఉండేది! రాసిన చోట మళ్లీ రాస్తే ఏ పరిష్కర్తా తేలేడు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1919లో సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఊళ్లో జరిగిన పని ఇది.

తాత్పర్యము: చేయుదువా అంటే చేయనని నొక్కండి. ఆ డ్రైవులో ఇంకేమీ రాయకండి, మాటిమాటికీ గుచ్చి తీయకండి. డీడీరెస్క్యూ వంటి ప్రోగ్రాముతో ముందు మొత్తం నకలు వేరే డిస్కులోకి తీయించండి. అది బాగున్న చోట్లు మొదట చదివి, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది. వెతుకులాటంతా ఆ నకలు మీదే. కంప్యూటరు డ్రైవును అసలు గుర్తించకపోతే ప్రోగ్రాములు పనికిరావు, చిప్పు పని తెలిసిన ల్యాబుకు పంపాలి.

"బ్యాకప్ పెట్టుకోలేదా?" అని అడుగు పెద్దలకు టీకాకారుని వద్ద సమాధానము లేదు, నమస్కారము కలదు.

దుకాణం బాబులూ, ఫార్మాట్ నొక్కే ముందు లోపల ఏముందో ఒక్కమాట అడగండి.