చెమట అంటని చిత్రిక

స్టాన్లీ కంపెనీ వారి నంబర్ 1 చిత్రిక పొడవు ఐదున్నర అంగుళాలు. పెద్దవాడి చేతికి దాని పిడి చాలదు, రెండు వేళ్లు బయటే ఉండిపోతాయి. దాంతో తలుపు చెక్క నునుపు చేయబోతే తెల్లారిపోతుంది. అందుకేనేమో, అమెరికాలో పాత పనిముట్ల సేకర్తలు కలుసుకునే చోట దాని ధర వెయ్యి డాలర్ల పైమాటే. పక్క బల్లమీద అదే కంపెనీ నంబర్ 5 ఉంటుంది. పద్నాలుగు అంగుళాల మనిషి. ఊళ్లకు ఊళ్లే కిటికీలూ ద్వారబంధాలూ దాని కింద నునుపుదేరాయి. దానికి యాభై డాలర్లు అడిగితే కొనేవాడు నొసలు చిట్లిస్తాడు.

ఆ సంతలో నడిచే అర్థశాస్త్రం ఇదే. పని చేసినకొద్దీ విలువ పడిపోతుంది, సోమరితనానికి బంగారు ధర. ముప్పై ఏళ్లు రోజూ నూరితే బ్లేడు కురచవుతుంది కదా, దాన్ని అక్కడ లోపం కింద రాసుకుంటారు. అసలు నూరనే నూరని బ్లేడైతే చేతులు వణుకుతూ అందుకుంటారు. పనిముట్టు అట్టపెట్టెలోనే ఉండి, పెట్టెమీది లేబులు కూడా చిరగకుండా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఖాళీ అట్టపెట్టెను కూడా విడిగా అమ్ముతారు, విడిగా కొంటారు. అందులో ఉండాల్సిన చిత్రిక ఎక్కడికి పోయింది? పనికి పోయి ఉంటుంది, పాపం.

స్టాన్లీ వారే 1897లో నంబర్ 55 అని ఒక బ్రహ్మాండం విడుదల చేశారు. మిల్లు మొత్తాన్ని చేతిలో పెడుతున్నామన్నంత ప్రచారం. యాభైకి పైగా బ్లేడ్లు, నిలువునా అడ్డంగా మరలు, కడ్డీలు. దాన్ని సరిగ్గా అమర్చుకునేలోపు పక్కింటి వడ్రంగి మామూలు చిత్రికతో పని ముగించి భోజనానికి వెళ్లిపోయేవాడు. విసుగెత్తినవాళ్లు దాన్ని అటకెక్కించారు. ఆ విసుగు పుణ్యమా అని బ్లేడ్లన్నీ చెక్కుచెదరని సెట్లు ఈనాటికీ దొరుకుతున్నాయి, ముద్దుగా అమ్ముడవుతున్నాయి. 1925లో అల్యూమినియం చిత్రికలు తెచ్చారు. చెక్కమీద నల్లచారలు వేసేవి, బరువు లేక చేతికింద ఆనేవి కావు. పదేళ్లలో మూటగట్టేశారు. ఎవరూ కొనలేదు కాబట్టి కొన్నే మిగిలాయి, కొన్నే ఉన్నాయి కాబట్టి ఇప్పుడు ఎగబడుతున్నారు. ఒక కంపెనీ తప్పులకు ఇంతటి సన్మానం మరే రంగంలోనూ జరగదు, సినిమారంగంలో తప్ప.

ఇక పాండిత్యం. ముందరి గుబ్బ పొట్టిగా ఉంటే ఒక టైపు, ఎత్తు పెరిగితే ఇంకో టైపు, అడుగున పోతపోసిన పేటెంటు తేదీల్లో ఒకటి ఎక్కువైతే మరో టైపు. స్టాన్లీ వారి మామూలు ‘బెయిలీ’ రకం చిత్రికలను ఇలా 20 టైపులుగా విడగొట్టి కంఠస్థం చేసినవాళ్లున్నారు. వాళ్లలో కొందరిని చెక్కముక్క ఇచ్చి ఒక్క పొర తీసి చూపించమనండి. మాట మార్చేస్తారు. నంబర్ 1 మీద కంపెనీ ఆ అంకె వేయకపోవడం నకిలీగాళ్లకు వరమైంది. భూతద్దాలతో పోత గరుకుదనం పరీక్షిస్తూ పెద్దలు అరగంటలు గడుపుతారు. నన్నడిగితే, ఆ బల్లలమీది సరుకు కోసం ఈ కాలంలో నిజంగా చేతులు కదిలించి పనిచేసినవాడు ఆ నకిలీ తయారుచేసినవాడొక్కడే.

సమావేశం పొద్దున్నే హోటల్ పార్కింగ్‌లో మొదలవుతుంది, చీకటి విడకముందే. కార్ల డిక్కీలు తెరుచుకుంటాయి, టార్చిలైట్లు తిరుగుతాయి. హాలు తలుపులు తీసేసరికి ఒకే రంపం ముగ్గురి చేతులు మారి, మూడోసారి రెట్టింపు ధరకు బల్లమీద కూర్చుంటుంది. వేలంలో తుక్కు పెట్టెలుంటాయి. ముందురోజు సరుకు చూడటానికి వచ్చిన పెద్దమనిషి, అందులో మంచి ఉలి ఒకటి కనిపిస్తే దాన్ని తుప్పుపట్టిన మేకుల అడుగుకు తోసి, ఏమీ ఎరగనట్టు నడిచిపోతాడు. మర్నాడు ఆయనే వేదికెక్కి చేతివృత్తుల వారసత్వాన్ని ఎలా కాపాడుకోవాలో ప్రసంగిస్తాడు.

ఆ మాటే నాకు గొంతు దిగదు. కాపాడినవాడు లేకపోలేదు. పెన్సిల్వేనియాలో డాయిల్స్‌టౌన్ వాడు హెన్రీ మెర్సర్, 1897లో జనం తుక్కు కింద వదిలించుకుంటున్న పనిముట్లు కొనడం మొదలుపెట్టాడు. వాటికోసం కాంక్రీటు కోటలాంటి మ్యూజియం కట్టించి 1916లో తెరిచాడు. వడ్రంగి పనిముట్లమీద 1929లో పుస్తకం వేశాడు, ఏది ఎలా పట్టుకుంటారో, దేనికి వాడతారో రాసి మరీ. ఆయన అడిగిన ప్రశ్న ‘ఇదేం చేస్తుంది’ అని. ఇక్కడ అడిగేది ‘ఇదెంత చేస్తుంది’ అని.

మసాచుసెట్స్‌లో రెంథం అనే ఊళ్లో 18వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ నికల్సన్ కొయ్య చిత్రికలు చేసేవాడు. ఆయన దగ్గర సీజర్ చేలర్ అనే నల్లజాతి బానిస ఆ పని నేర్చాడు. యజమాని ముద్రతో బయటికి వెళ్లినవాటిలో చేలర్ చెక్కినవి ఎన్నో ఇప్పుడు తేల్చడం కష్టం. 1753లో నికల్సన్ పోతూ వీలునామాలో అతనికి స్వేచ్ఛ రాశాడు. పనిముట్లు, కలప, కొంత భూమి కూడా ఇచ్చాడు. అప్పటినుంచి 1784లో చనిపోయేదాకా చేలర్ తన చిత్రికలమీద తన పేరే కొట్టుకున్నాడు, కింద ‘రెంథం నివాసి’ అని కూడా. ఒకరి ఆస్తిలో వస్తువుగా లెక్కకొచ్చిన మనిషి తనకొక పేరూ ఒక ఊరూ ఉన్నాయని కొయ్యమీద పొడిచి చెప్పిన మాట అది. ఇప్పుడు దానికి వేలల్లో పాట. అక్షరాలు ఆ చివర నుంచి ఈ చివర దాకా నిండుగా పడితే ఒక ధర. పాడేవాడు భూతద్దం తీస్తాడు, పేరులో ఒక అక్షరం అరిగిందని గుర్తించి నాలుగు వందలు తగ్గించమంటాడు.

ఇలాంటి చోటికి అప్పుడప్పుడూ నిజం వడ్రంగి ఒకడు దారితప్పి వస్తాడు. వాడుకోవడానికి మాత్రమే పనికొచ్చే సరుకును తలుపు దగ్గరి బల్లమీద, వీలైతే బల్లకింద పెడతారు. అతను ఫిలడెల్ఫియా డిస్‌టన్ రంపం ఒకటి తీసి, ఒంటికన్నుతో దాని వీపు వెంట చూసి, వంచి వదిలి, పళ్లు ఆకురాయి చూసి ఎన్నాళ్లయిందని అడుగుతాడు.

‘‘పిడిమీద ఆ ఇత్తడి బిళ్ల చూడండి సార్, 1896కీ 1917కీ మధ్యది’’ అంటాడు అమ్మేవాడు.

‘‘సరే, తిన్నగా కోస్తుందా?’’

‘‘కొయ్యడమా!’’ అని అతను రంపాన్ని చటుక్కున వెనక్కి లాక్కుంటాడు.