హెచ్‌ఆర్ మేడమ్‌కు పౌర సన్మానం

మార్కాపురం పురప్రముఖులకూ, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం పెద్దలకూ ఒక మనవి. ఎమ్మెల్యేలకూ మంత్రులకూ మనం ఇన్నేళ్ళుగా కప్పిన శాలువాలన్నీ పోగేస్తే నల్లమల చెట్లకు తలా ఒకటి కప్పొచ్చు. ఇన్ని కప్పినవాళ్ళం, ఇంకొక్కటి కప్పలేమా? అర్హురాలు ఉన్నారు. పేరు అనన్య. కొందరికి ప్రియ, ఇంకొందరికి కావ్య. హోదా హెచ్‌ఆర్ మేనేజర్. నివాసం టెలిగ్రామ్.

ఆమె చేసిన సేవేమిటని అడుగుతారేమో. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. జాతి వెళ్ళి సొరంగాలు చూసి వచ్చింది, నీళ్ళు మాత్రం ఆ పూట రాలేదు. జిల్లా కావాలని ఏళ్ళ తరబడి దీక్షలు చేస్తే 2025 ఆఖరు రోజుల్లో మార్కాపురం జిల్లా వచ్చింది. బోర్డులు మారాయి. ఇవన్నీ మనం అడిగీ అడిగీ, గొంతు పోయాక తెచ్చుకున్నవి. అడక్కుండా మన అరచేతిలోకి నడిచొచ్చింది ఒక్కటే: "కంగ్రాచ్యులేషన్స్! మీరు సెలెక్ట్ అయ్యారు. ఇంటి నుంచే పని. రోజుకు 2,000 నుంచి 5,000."

దరఖాస్తు పెట్టలేదు. సిఫారసు ఉత్తరం లేదు. ఏ ఊరని మొహం చిట్లించలేదు. డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న గిద్దలూరు పిల్ల రాత్రి పదకొండున్నరకు, "మేడమ్, నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు" అని భయపడుతూ పెడితే, "నో ప్రాబ్లమ్ డియర్, లైక్ కొట్టడం వస్తే చాలు" అని అర నిమిషంలో జవాబు. ఇంటర్వ్యూలో రెండే ప్రశ్నలు: వయసెంత? ఫోన్‌పే ఉందా? పడమటి ప్రకాశం పిల్ల ఉద్యోగానికి పనికొస్తుందని ఇంత వేగంగా కనిపెట్టిన కంపెనీ ఇంకొకటి ఉంటే చూపించండి, సన్మానం వాళ్ళకే చేద్దాం.

ఆ పిల్లది అత్యాశ అంటారు కొందరు. ఏమిటా ఆశ? గిద్దలూరు నుంచి ఒంగోలుకు నూరు కిలోమీటర్లు దాటిన దారి. రోజూ పోయి రాలేరు. హాస్టల్లో ఉండి చేస్తే జీతం హాస్టల్‌కే సరి. హైదరాబాదు అంటే ఇంట్లో ఒప్పుకోరు, పెళ్ళయితే అత్తగారింట్లో అసలే ఒప్పుకోరు. "ఏమన్నా చేసుకో గానీ ఇంట్లోనే చేసుకోమ్మా" అని నాన్న ఇచ్చిన స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ కొలతకు తగ్గట్టు కుట్టిన ఉద్యోగం లోకంలో ఒక్క మేడమ్ గారి దగ్గరే ఉంది.

ముందు పెన్సిళ్ళ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే అది మన ఊరి కోసమే తయారైనట్టుంటుంది. మార్కాపురం పలకకు ఒకప్పుడు దేశమంతా గిరాకీ. నోటుపుస్తకమూ ప్లాస్టిక్ పలకా వచ్చి దాన్ని మూలకు నెట్టాయి. ఇప్పుడు ఆ రాయి గోడలకూ నేలకూ అతుక్కుని బతుకుతోంది. రాతపలక పోయిన ఊరికి పెన్సిల్ వచ్చింది, ఫేస్‌బుక్‌లో. నటరాజ్ పెన్సిళ్ళు డబ్బాల్లో సర్దే పని, సరుకు ఇంటికే పంపుతారు, నెలకు 30,000, అందులో సగం అడ్వాన్సు. ఫొటోలో మంచం నిండా పెన్సిళ్ళు, పక్కన నవ్వుతున్న ఇల్లాలు. ఆ పెన్సిళ్ళు చేసే హిందుస్థాన్ పెన్సిల్స్ కంపెనీ, ఇలాంటి పని మేమెవరికీ ఇవ్వడం లేదు మొర్రో అని ప్రకటించింది. ఎవరికి కావాలి ఆ ప్రకటన? రిజిస్ట్రేషన్‌కు ఆరువందల చిల్లర. ఐడీ కార్డుకు ఇంకొంత. ఆ తర్వాత సరుకు బండి బయల్దేరుతుంది, మీ ఊరి దాకా వచ్చి పొలిమేరలో ఆగుతుంది, జీఎస్టీ కడితే కదులుతుంది, కట్టాక డ్రైవరు బత్తా కోసం మళ్ళీ ఆగుతుంది. అయిదారు రూపాయల పెన్సిల్‌ను డబ్బాలో పెట్టినందుకు నెలకు 30,000 ఇస్తే ఆ కంపెనీ ఏం తిని బతకాలి? మూడో తరగతి లెక్క. రాక వదల్లేదు. ఆ లెక్క వేసుకుంటే ఉద్యోగం పోతుందని వేసుకోలేదు.

పెన్సిళ్ళంటే నామోషీ పడే గ్రాడ్యుయేట్లకు టైపింగ్ శాఖ వేరే ఉంది. స్టాంపు కాగితం లాంటి దాని మీద ఒప్పందం పంపుతారు. సంతకం, ఆధార్ కాపీ తీసుకుంటారు. మసకబారిన పేజీలు వందలకొద్దీ పంపి, వారంలో కొట్టివ్వాలి, తొంభై శాతానికి పైగా తప్పుల్లేకుండా ఉండాలి అంటారు. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే అద్దెకు తెచ్చుకుని, కరెంటు పోయిన పూట నెట్ సెంటరుకు పరిగెత్తి, వేళ్ళు వాచేలా కొడితే, ఏడో రోజున తేలేదేమంటే మనం ఫెయిల్. జీతం లేదు సరే. ఎనిమిదో రోజున "వకీలు" గారి ఫోన్: ఒప్పందం ఉల్లంఘించారు, కంపెనీకి నష్టం, అయిదారు వేలు కడితే సరి, లేకపోతే కోర్టు నోటీసు, మీ ఊరి స్టేషన్‌కు సమాచారం. ఇంట్లో నాన్నకు తెలిస్తే కోర్టు కంటే ఘోరం. కట్టేస్తుంది. పనిచేసి, పనిచేసినందుకు తిరిగి డబ్బు కట్టే వెట్టి ఒకటి రావడానికి ఇన్ని శతాబ్దాలు పట్టింది.

ఇక మేడమ్ గారి అసలు ప్రతిభ టాస్కుల్లో. హోటల్‌కు అయిదు నక్షత్రాలు ఇవ్వండి, వీడియోకు లైక్ కొట్టండి. మొదటి రోజే ఖాతాలో 150 రూపాయలు నిజంగా పడతాయి. ఈ నూటయాభై విలువ తెలియనివాళ్ళే జనాన్ని వెర్రివాళ్ళంటారు. ఆ పిల్ల జీవితంలో సొంతంగా సంపాదించిన మొదటి డబ్బు అది. అమ్మకు చూపిస్తుంది. మర్నాడు "ప్రీపెయిడ్ టాస్క్": 1,000 కడితే 1,300. అవీ వస్తాయి. తర్వాత నలుగురుండే గ్రూపులో వేస్తారు. మిగతా ముగ్గురూ వాళ్ళ మనుషులే. "నాకు 48,000 విత్‌డ్రా అయింది, థాంక్యూ మేడమ్" అని స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. మన పిల్ల 5,000 కడుతుంది, 18,000 కడుతుంది. టాస్కులో ఏదో మీట తప్పు నొక్కావు, నీ వల్ల ముగ్గురి డబ్బూ ఇరుక్కుంది, సరిచేయడానికి 40,000 కట్టు అంటారు. మొబైల్ తెర మీద మాత్రం బ్యాలెన్స్ లక్షల్లో కనబడుతుంటుంది. తీసుకోబోతే క్రెడిట్ స్కోరు తక్కువ, అది పెంచాలంటే కొంత. పెంచాక పన్ను, అది ముందే కట్టాలి. ఈలోగా అమ్మ మెడలో గొలుసు ముత్తూట్ లాకరుకు చేరుతుంది.

ఇదేదో మన మెట్ట ప్రాంతపు అమాయకత్వం అనుకుని హైదరాబాదు వాళ్ళు నవ్వక్కర్లేదు. ఇలా రేటింగులు ఇచ్చే పని పేరుతో సాగిన మోసంలో దేశవ్యాప్తంగా 15,000 మందికి పైగా నష్టపోయారని, మొత్తం 712 కోట్లని హైదరాబాదు పోలీసులు 2023 జూలైలో చెప్పారు. ఫిర్యాదు చేసింది ఆ నగరవాసే, పోయింది 28 లక్షలు. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర హోంశాఖ సిఫారసుతో ఇలాంటి వెబ్‌సైట్లు వందకు పైగా మూయించారు. ఆ సాయంత్రమే ఇంకో వందకు కొబ్బరికాయ కొట్టి ఉంటారు. పేరు మార్చుకోవడానికి మనలాగా గెజిట్ అక్కర్లేదు కదా.

పోలీసులు, బ్యాంకులు, టీవీలో వచ్చే పెద్దమనుషులు అందరూ ఒకే మాట చెబుతారు: ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు, అడిగితే మోసం. బంగారం లాంటి సలహా. కాకపోతే మన పిల్లలు పుట్టి బుద్ధెరిగాక డబ్బు అడగని ఉద్యోగం ఎక్కడ చూశారని? గ్రూప్ పరీక్షకు ఫీజు. కోచింగ్‌కు ఫీజు. అమీర్‌పేటలో కోర్సుకు ఫీజు, ఆ కోర్సు పక్క గదిలోని కన్సల్టెన్సీకి ఇంకో ఫీజు. ఔట్‌సోర్సింగ్ పోస్టు ఖాళీ అయితే మధ్యవర్తి చేతిలో ఎంత పెట్టాలో టీ కొట్టు దగ్గర బాహాటంగా చెబుతారు. లంచం ఇచ్చి తెచ్చుకున్న కొలువును "వాడు కష్టపడి సంపాదించాడు" అని మెచ్చుకునే సమాజం, 620 రూపాయలు కట్టిన పిల్లను "ఆ మాత్రం తెలివి లేదా" అంటోంది. తెలివి ఉండబట్టే కట్టింది. పాపం, రేటు చవగ్గా ఉందనుకుంది.

అసలు పనులు లేవా? ఉన్నాయి. అనువాదాలు, ఆడియో విని రాసిపెట్టడం, కృత్రిమ మేధకు బొమ్మలు గుర్తుపట్టడం నేర్పించే పనులు, ఆన్‌లైన్ ట్యూషన్లు. చిక్కేమిటంటే, నిజమైన పని ప్రవర్తన అంతా దొంగలా ఉంటుంది. మనిషి కనబడడు. ఫోన్ నంబరు ఉండదు. పాన్ కార్డు ఇవ్వు, మొహం అటూ ఇటూ తిప్పి సెల్ఫీ ఇవ్వు అంటాడు. జీతం లేకుండా పరీక్ష పెట్టి, మూడు వారాలు పలకడు. పలికితే "విచారిస్తున్నాం" అంటాడు. ఎంపికైనా పని ఎప్పుడు వస్తుందో చెప్పడు, వచ్చింది ఎప్పుడు ఆగుతుందో చెప్పడు, చేసిన డబ్బులో వాటా కోసుకుంటాడు, ఒకరోజు కారణం చెప్పకుండా ఖాతా మూసేస్తాడు. దొంగ కంపెనీయో? ఆఫర్ లెటరు, గుండ్రటి సీలు, ఐడీ కార్డు, పండక్కి శుభాకాంక్షలు, తిన్నావా డియర్ అన్న పలకరింపు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే మీరూ నేనూ కూడా మేడమ్ గారి వెంటే నడుస్తాం.

సర్కారు ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. ఇంటి నుంచి పనికి ఆంధ్రప్రదేశ్‌ను ముందుంచుతామని 2025లో ముఖ్యమంత్రి ప్రకటించారు. కౌశలం పేరుతో సర్వే కూడా జరిగింది. సచివాలయం అబ్బాయి ఇంటికొచ్చి ఏం చదివావు, ఏ భాషలొచ్చు, ఎంత శాతం మార్కులు అని అడిగి, "నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, చెప్పమ్మా" అన్నాడు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న పోస్టరు అదే సచివాలయం గోడకు అంటించి ఉంది. పిల్ల చెప్పింది. వివరాలు నమోదయ్యాయి. అప్పట్నుంచి ఫోన్ చేతిలో పెట్టుకుని ఎదురు చూస్తోంది. ఎదురు చూసే ఫోన్‌కు మొదట ఎవరు మెసేజ్ పెడతారో వేరే చెప్పాలా?

మేడమ్ గారి పరిశ్రమ మీద ఒక అపవాదు ఉంది, అందులో నిజమైన ఉద్యోగాలే లేవని. అన్యాయం. రెండు రకాలున్నాయి. మొదటిది ఖాతా అద్దె. మీ పేరుతో బ్యాంకు ఖాతా తెరిచి, పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము అప్పగిస్తే నెలకింత. పని ఏమీ చేయక్కర్లేదు, ఇంట్లో పడుకోవచ్చు. వేరే రాష్ట్రం పోలీసులు తలుపు కొట్టేదాకా అది అచ్చమైన వర్క్ ఫ్రం హోమే. గొలుసు తాకట్టు పెట్టిన గిద్దలూరు అమ్మాయి డబ్బు, అలా ఏ పక్క మండలపు కుర్రాడి ఖాతాలో కాసేపు కూర్చుని వెళ్ళిందో ఎవరికెరుక.

రెండోది విదేశీ కొలువు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు: డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, తలా లక్షన్నర దాకా వసూలు చేసి, మన రాష్ట్రపు కుర్రాళ్ళను కంబోడియా తోలారు. ఒక్క విశాఖ ప్రాంతం నుంచే 150 మంది దాకా అక్కడ చిక్కుకున్నారని లెక్క. పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మాట వినకపోతే తిండి మాడ్చి కొట్టి, వాళ్ళతో చేయించిన పని ఇదే: ఇండియాలో ఉన్నవాళ్ళకు మెసేజ్‌లు పెట్టి ముంచడం. ఆ నెలలోనే అక్కడి సిహనౌక్‌విల్‌లో వందల మంది భారతీయులు తిరగబడ్డారు, రాయబార కార్యాలయం కదిలింది, కొందరు విమానమెక్కి ఇంటికొచ్చారు.

కాబట్టి శాలువా పట్టుకుని మనం వెతుకుతున్న అనన్య మేడమ్, మూతి మీద మీసమున్న గాజువాక కుర్రాడు కావచ్చు. వాడూ "డేటా ఎంట్రీ, మంచి జీతం" అన్న మెసేజ్ చూసే బయల్దేరినవాడు. వాడి తల్లీ ఏదో గొలుసు తాకట్టు పెట్టే ఉంటుంది. "తిన్నావా డియర్" అని వాడు టైపు చేసినప్పుడు, వాడు తిన్నాడో లేదో మనకు తెలీదు. ఉద్యోగం కోసం అల్లాడే ఒక తెలుగు పిల్ల చేత, ఉద్యోగం కోసం అల్లాడిన ఒక తెలుగు పిల్లాడు, సముద్రానికి అవతల నుంచి డబ్బు కట్టించుకుంటుంటే, ఇద్దరి వాటా తీసుకునేవాడు ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్నాడు. సన్మానాలంటే అలాంటివాళ్ళకు మొహమాటం, వేదిక ఎక్కరు.

ఇహ మిగిలింది ఫిర్యాదు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే, డబ్బు ఖాతాలు దాటిపోకముందే ఆపగలిగే అవకాశం ఉంది. గంటల లెక్క అది. మన పిల్ల మొదటి రోజు ఎవరికీ చెప్పలేదు. రెండో రోజు అమ్మకు చెప్పింది. అమ్మ నాన్నకు చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. నాన్న ముందు తిట్టి, తర్వాత అన్నం మానేసి, ఆ తర్వాత తెలిసిన కానిస్టేబుల్ ఎవరున్నారా అని వెతికాడు. తండ్రీ కూతుళ్ళు స్టేషన్‌కు వెళ్ళేసరికి వారం. "చదువుకున్న పిల్లవి, నీకా మాత్రం తెలీదామ్మా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పి, కాగితం మీద సంతకం చేసి, ఇద్దరూ మాట్లాడుకోకుండా బస్టాండు దాకా నడిచారు.

అక్కడుండగా ఫోన్ మోగింది. గొంతు చాలా మర్యాదగా ఉంది. పోయిన సొమ్ము వెనక్కి తెప్పించే విభాగం నుంచి మాట్లాడుతున్నానన్నాడు. పోయింది ఎంతో పైసలతో సహా చెప్పాడు. ప్రాసెసింగ్ ఫీజు 2,000, అదీ తిరిగొస్తుందన్నాడు. నాన్న ఫోన్ లాక్కుని, "ఎక్కడుంది నాయనా మీ ఆఫీసు, మేమే వచ్చి కడతాం" అన్నాడు.

"ఆఫీసుకు రానక్కర్లేదండీ," అన్నాడతను. "మాది వర్క్ ఫ్రం హోమ్."