చీనీకాయల్లో కరెంటు: కువైట్ నుంచి మేనమామ జాబు

అక్కా, నీ తమ్ముడు కువైట్‌లో క్షేమం. ఈ జాబు రాస్తున్నది వాడే. అయినా వాడి సంగతి ఎవరో పరాయి మనిషి సంగతి మాదిరి రాయడానికి కారణం ఉంది. బావ తిట్టదలిస్తే ఆ తమ్ముణ్ని తిట్టుకుంటాడు, రాసేవాడికి తగలదు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజీ వాడు పూర్తిగా విన్నాడు. పెద్దోడు చీనీకాయలకు మేకులు గుచ్చాడు, మోటారు రీవైండింగ్ షాపు ముందర తీగ ముక్కలు ఏరుకొచ్చాడు, చిన్నది ఇంట్లో అందరి నెత్తినీ దువ్వెనతో గోకుతోంది, ఇదంతా మామ వీడియో కాల్‌లో నేర్పిన విద్యే. నువ్వు మోపిన నేరాలన్నీ నిజమే. ఇక ముద్దాయి వాదన వినక తప్పదు.

మొదట దువ్వెన. ఆరిన తలను ప్లాస్టిక్ దువ్వెనతో గట్టిగా దువ్వి కాగితం ముక్కల మీద పెడితే అవి ఎగిరొచ్చి అంటుకుంటాయి. రుద్దుడుకు వెంట్రుకల్లోని ఎలక్ట్రాన్లు కొన్ని దువ్వెన మీదికి చేరతాయి, అంతే కిటుకు. గాలిలో తేమ ఉంటే ఆ విద్యుదావేశం నిలవదు, జారిపోతుంది. అందుకే కోస్తాలో వానపడే రోజున ఈ ఆట సాగదు. మన కడప ఏప్రిల్ ఎండలో మాత్రం బ్రహ్మాండంగా సాగుతుంది. వాన లేదని ఏడ్చే సీమకు దేవుడు ఉచితంగా ఇచ్చిన ల్యాబ్ ఇదొక్కటే. నూనె రాసిన తల మీద మాత్రం ఏమీ రాదు, కాబట్టి మీ అత్తను వదిలెయ్యమని చిన్నదానికి చెప్పు.

ఇక చీనీకాయల కేసు. పులివెందుల తోటల కాయను బ్యాటరీ చేయడం పాపమని బావ అన్నాడట. పెద్దోడు చేసింది ఇది: ఒక్కో కాయలో ఒక పక్క జింకు పూసిన మేకు, ఇంకో పక్క రాగి తీగ. ఒక కాయ నుంచి వచ్చేది సుమారు 0.9 వోల్టు. ఎర్ర ఎల్ఈడీ బల్బు వెలగాలంటే 1.8 వోల్టుల దాకా కావాలి. రెండు కాయలు చాలాలి కదా అని వాడు వాదించాడు, లెక్క సరిగ్గానే ఉంది. కానీ బల్బు కరెంటు తాగడం మొదలుపెడితే కాయ వోల్టేజీ పడిపోతుంది. అందుకే నాలుగు కాయలు, ఒకదాని మేకును పక్కదాని రాగికి కలుపుతూ. బల్బు పొడుగు కాలు రాగి వైపు ఉండాలి. తిప్పి పెట్టి, వెలగలేదని కాయల్ని తిట్టకూడదు.

1800లో ఇటలీవాడు వోల్టా చేసిందీ దాదాపు ఇదే. జింకు బిళ్ల, రాగి బిళ్ల, మధ్యలో ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ, అలా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. కరెంటు పుట్టించేది కాయ కాదక్కా, కరిగే జింకు. పులుపు దారి ఇస్తుంది, అంతే. కావాలంటే ఉర్లగడ్డతో చేసినా వెలుగుతుంది. మేకు గుచ్చిన కాయల్ని పిండుకుని తాగబోయిన బావకు ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు. వాటిలో జింకు కలిసింది, దిబ్బలో వేయాల్సిందే.

తీగ ముక్కల గొడవ చిన్నది. బోర్లు ఎండి మోటార్లు కాలే సీమలో వైండింగ్ తీగకు కరువా? మేకుకు ఆ తీగ చుట్టి, 1.5 వోల్టుల సెల్లుకు కలిపితే గుండుసూదులు లేస్తాయి. పెద్దోడికి మొదట ఒక్క సూదీ లేవలేదు. తీగ మీద ఎనామిల్ పూత ఉంటుంది, కొసల్ని గరుకు కాగితంతో మెరిసేదాకా గీకితే గానీ కరెంటు పారదు. ఒకటి మాత్రం నువ్వు చూసుకో: సెల్లుకు రెండు మూడు క్షణాలకు మించి కలిపి ఉంచితే తీగ కాలుతుంది.

చదువు ఆపేసి డ్రైవరైన వాడికి ఇవన్నీ యాడనుంచి వచ్చాయని బావ అనుమానం. జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి పత్రిక బడికి వచ్చిన రోజులు మర్చిపోయినట్టుంది. మన సీమలోనే కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ వాళ్లయితే వ్యాన్లలో సామాను వేసుకుని గవర్నమెంటు బళ్లకు తిరుగుతారు. పిల్లల చేతికి తీగ ఇచ్చేవాళ్లు లోకంలో నీ తమ్ముడొక్కడే కాదు.

“కరెంటు జోలికి పోవద్దు” అని నువ్వు అరవడంలో తప్పులేదు. గోడ ప్లగ్గులో 230 వోల్టులు, అది చంపుతుంది. దాని దగ్గర ప్రయోగాలు లేవని మామ ఒట్టు వేయించుకున్నాడు. కానీ కాయ కరెంటుకూ ప్లగ్గు కరెంటుకూ తేడా తెలియని పిల్లోడే ప్లగ్గులో మేకు పెడతాడని వాడి నమ్మకం.

ఇక్కడి ముచ్చట ఒకటి. 2024 జూన్‌లో కువైట్‌లోనూ ఎండ ముదిరి రోజుకు రెండు గంటల దాకా కోతలు ప్రకటించారు. డ్రైవరుగా పనిచేసే ఇంటి సేటు పిల్లలు బిత్తరపోతే, కోతల్లో పుట్టి పెరిగిన నీ తమ్ముడు అట్టముక్కతో విసురుతూ పాఠం మొదలుపెట్టాడు: ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో, 1994లో మొదలైన మా థర్మల్ కేంద్రంలో బొగ్గుతో నీళ్లు కాగబెడతారు, మీ దగ్గర చమురుతో, గ్యాసుతో కాగబెడతారు. ఆవిరి చక్రం తిప్పుతుంది, చక్రం అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఇంత ఎడారిలో ఇంకా నీళ్లు కాగబెట్టడమేమిటని చిన్న సేటు అడిగాడు. మంచి ప్రశ్నే.

రాయచోటి పోయే మనిషి చేతికి రెండు అయస్కాంతాలు ఇచ్చి పంపుతున్నాడు. వాటితో చిన్న మోటారు చేయాలి. తీగచుట్టకు ఒక కొస పూత మొత్తం, రెండో కొస సగం వైపే గీకమని పెద్దోడికి చెప్పు, రెండూ మొత్తం గీకితే తిరగదు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: టీవీ రిమోటులో సెల్లులు ఏమయ్యాయని బావ అడిగితే, కువైట్‌కు ఫోన్ చేయమను.