సెల్లు ఆరెంపీ

మా పశ్చిమ కృష్ణాలో ఏ ఊళ్లో చూసినా ఇద్దరు ఆరెంపీలు ఉంటారు. ఒకరు మనుషులకి, ఒకరు సెల్లులకి. మనుషుల ఆరెంపీకి తోలుసంచీ, ప్లాస్టిక్ కుర్చీ, వెనక గోడకి దేవుడి క్యాలెండరు ఉంటాయి. సెల్లు ఆరెంపీకి ఇవేమీ అక్కర్లేదు. టీ బంకు ముందు బల్లే ఆయన ఆసుపత్రి. భుజాన ఉన్న తువ్వాలే పరికరాల పెట్టె. ఫీజు ఒక టీ. కేసు ముదిరితే రెండు.

పరిటాల హైవే పక్కన మేమంతా బాబాయి అని పిలిచే పెద్దమనిషి ఈ జాతివాడే. అసలు ఆయన ఎవరికి బాబాయో ఎవరికీ గుర్తులేదు. మా జిల్లా 2022లో కృష్ణా నుంచి ఎన్టీఆర్‌కి మారింది గానీ ఆయన బల్ల మారలేదు. 2003 నుంచి హైవేని కనిపెట్టుకుని ఉన్న 135 అడుగుల ఆంజనేయస్వామి చల్లని చూపు సూటిగా ఆ బల్ల మీదే పడుతుందని ఆయన నమ్మకం.

బాబాయికి ఫోను చేస్తే ఎత్తడు. పూర్తిగా మోగనిచ్చి, నిమిషం ఆగి, ఆయనే చేస్తాడు. ఏంటి బాబాయ్ అంటే "నీ డబ్బులెందుకనీ" అంటాడు. ఎన్ని మాట్లాడినా ఒకటే రేటు ప్యాకులు వచ్చాక కూడా ఇదే వరస. ఎంత పెద్ద మనసో అని ఊరంతా మెచ్చుకుంటుంది.

"బాబాయ్, టచ్ పనిచేయట్లేదు" అని సెల్లు చాపితే అందుకోడు.

"ఏదీ, ముందు చెయ్యి చూపించు."

పత్తితీతల కాలంలో ఆయన దగ్గరికొచ్చే కేసుల్లో సగం సెల్లువి కావు, వేళ్లవి. పత్తికాయ డొప్పలు గుచ్చుకుని, తర్వాత మిరపకోతల్లో అరిగి, చివర్లు కాయగాసిన వేళ్లు. కూలికెళ్లొచ్చిన అక్కాయి ఒకావిడ వేలితో పొడిచి పొడిచి విసిగిపోయి, "ఇంత నొక్కినా పలకదేంటి బాబాయ్?" అంటే ఆయన గొంతు సవరించుకుంటాడు.

"ఇది నొక్కుడుకి పలకదమ్మా. గాజు కింద కంటికి కనపడని తీగల వల ఉంటది. అందులో ఇంతే ఇంత కరెంటు. వేలు ఆనితే ఆ కరెంటు కాస్త వేలివైపు లాగుద్ది. ఎక్కడ లాగిందో చూసుకుని, ఓహో ఇక్కడ ముట్టుకున్నారని లెక్కేసుకుంటది. తోలు మొద్దుబారి ఎండిపోతే లెక్కకి అందదు. తడిచేత్తో ముట్టుకున్నావా, నీటిబొట్టుని కూడా వేలే అనుకుంటది. పుల్లతో పొడువు, పలకదు. గోటితో గీకు, పలకదు. అంతెందుకు, అదిగో స్వామి! ఆయన వేలు పెట్టినా పలకదు, సిమెంటు కదా!"

ఆ మాట నోరు దాటగానే స్వామివైపు తిరిగి లెంపలేసుకుంటాడు. అక్కాయి వేలు తువ్వాలుతో తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసుకుని మెత్తబడ్డాక చూడమంటాడు. ఈలోపు చిటికెనవేలితో కానిమ్మంటాడు. పత్తి తీయని వేలు అదొక్కటే మరి.

బాబాయి చెప్పేదాంట్లో తప్పులేదు. వేలు తాకితే పసిగట్టే ఇలాంటి తెర గురించి 1965లోనే ఇంగ్లండులో ఇ.ఎ. జాన్సన్ అనే ఆయన రాశాడు. విమానాల రాకపోకలు చూసుకునే ఉద్యోగులకి పనికొస్తుందని ఆయన ఆలోచన. వాళ్లు ఏ చల్లటి గదిలోనో కూర్చునేవాళ్లు. జాన్సన్‌గారికి పత్తిచేను తట్టి ఉండదు.

వేలు బాగానే ఉంటే అప్పుడు సెల్లుకి మూడు పూటల మందు: తుడువు, ఒలువు, ఆర్పు. తుడవడానికి అందరూ ఒప్పుకుంటారు. పేచీ అంతా ఒలవడం దగ్గరే. గాలిబుడగలు పట్టి, అంచుల్లో మిరపకారం దూరిన టెంపర్డ్ గ్లాసు తీసెయ్యరా అంటే కుర్రాడికి ప్రాణం ఒప్పదు. "ఈ ఊళ్లో ఒకప్పుడు వజ్రాలు తవ్వారు. ఆ గనుల కోసమే చుట్టూతా ఇంగ్లీషు రాజ్యమున్నా నిజాం పరిటాలని వదల్లేదంట. ఆ నిజాం కూడా వజ్రాన్ని నువ్వు వందరూపాయల గాజుని పట్టుకున్నంత గట్టిగా పట్టుకోలేదురా" అంటూ ఆయనే గోరు దూర్చి ఒలిచేస్తాడు.

మూడింటికీ లొంగకపోతే సూది. పవర్ బటను, సౌండు తగ్గించే బటను కలిపి నొక్కి పట్టుకుని, పదిహేను దాకా బిగ్గరగా లెక్కపెట్టిస్తాడు. బల్ల చుట్టూ చేరినవాళ్లూ గొంతు కలుపుతారు. పన్నెండు దగ్గర సెల్లు ఒక్కసారి వణికి వెలిగిందా, పురిటిగది ముందు కేక విన్నట్టు అందరి మొహాలూ విప్పారతాయి.

ఆయన పేరు నందిగామ దాకా పాకింది మాత్రం దెయ్యం కేసుతో. ఒక మామయ్య సెల్లు రాత్రి పదకొండింటికి తనంతట తానే తెరుచుకుని, ఆస్తి తగాదాతో మాటల్లేని వియ్యంకుడికి వీడియో కాల్ చేసింది. ఆయన ఎత్తాడు. బనీను లేని ఈయన్ని చూశాడు. తెల్లారేసరికి సెల్లుకి తాయెత్తు కట్టి బల్ల మీద పెట్టారు.

"ఆంజనేయుడి కాళ్లదగ్గర దెయ్యమేంటయ్యా! రాత్రి చార్జింగులో ఉందా?"

ఉంది. చార్జరు సంతలో కొన్నది. "దొంగ కరెంటు వస్తుంటే వేలేదో కరెంటేదో దానికి మాత్రం ఏం తెలుసుద్ది?" అని బాబాయి దాన్ని బంకులో ప్లగ్గుకి తగిలించాడు. సెల్లు శివాలెత్తింది. పీకాడు. చల్లబడింది. తాయెత్తు కట్టినాయన కూడా చప్పట్లు కొట్టాడు.

బాబాయి నోటివెంట రాని మాట ఒకటుంది: తెలీదు. ఏళ్ల తరబడి నీళ్లలో పడ్డ ప్రతి సెల్లునీ బియ్యంలో పూడ్పించాడు. బియ్యంలో పెడితే నలకలు లోపలికెళ్లి ఇంకా పాడవుతుందని 2024లో ఆపిల్ కంపెనీయే చెప్పిందని ఎవరో అన్నారు. "నేను వండుకోమని ఇచ్చిన సలహారా అది. మీరు పూడ్చారు" అన్నాడు. గాజు పగిలి లోపల నల్లమచ్చ పాకిన కేసులకి మాత్రం బెజవాడ రాసిస్తాడు. వెళ్లేముందు ఫొటోలు కాపీ చేసుకోమనడం మరిచిపోడు.

మొన్న ఇంటర్ చదివే పిల్ల ఒకతె, మనవరాలి వరస, ఆయన పక్కనే కూర్చుని ఉండగా బాబాయి సెల్లు మోగింది. అలవాటు ప్రకారం ఆయన ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆ పిల్ల చటుక్కున అందుకుని పచ్చగుర్తు జరిపింది. కదల్లేదు. మళ్లీ జరిపింది. కింది రెండువేళ్ల మేర తెర చచ్చిపోయి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది మాకు. బాబాయి మెసేజి కొట్టేటప్పుడు సెల్లుని స్టీరింగులా కాసేపు ఎడమకి, కాసేపు కుడికి తిప్పుతుంటే వీడియో చూస్తున్నాడనుకున్నాం. బతికున్న వైపుకి అక్షరాల్ని తెచ్చుకుంటున్నాడన్నమాట. పాపం, కాల్ వచ్చినప్పుడు మాత్రం ఆ తెర అడ్డం తిరగదు.

ఆ పిల్ల సెట్టింగులు వెతికి, సౌండు పెంచే బటనుతో కాల్ ఎత్తే ఏర్పాటు పెట్టింది. పక్కనుంచే రింగిచ్చింది. బాబాయి బటను నొక్కి, ఎదురుగా ఉన్న పిల్లకి "హలో" అన్నాడు. బంకు బంకంతా చూస్తోంది.

"ఇది నాకెప్పుడో తెలుసమ్మా" అన్నాడు సెల్లులోనే.

"మరి ఇన్నాళ్లూ ఎత్తలేదేం తాతా?"

"నీ డబ్బులెందుకనీ."