ప్రాజెక్టు బుడ్డోడిది... జాగారం నాన్నది!

శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ విగ్రహాలతో పేరు మోసిన కోనసీమ కొత్తపేటలో శిల్పులకు కొదవేముంది? మూడో తరగతికి ప్రాజెక్టు ఇచ్చిన రాత్రి ఇంటికో శిల్పి పుడతాడు. కాకపోతే ఆయన వయసు ముప్పై అయిదు! నాన్న థర్మాకోల్ కోస్తాడు, అమ్మ ఫెవికాల్ పూస్తుంది, బుడ్డోడు గుర్రుపెట్టి నిద్రపోతాడు. తెల్లారేసరికి చార్మినార్ సిద్ధం. చీటీ మీద పేరు మాత్రం వాడిది. జాతీయ విద్యావిధానం-2020 కళను పాఠంతో కలిపి నేర్పమంది గానీ, ఇంటిల్లిపాదినీ జాగారం చేయించమనలేదు. పైగా అలంకరణ థర్మాకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఆ నిషేధిత సరుకు మీదే ‘పర్యావరణాన్ని కాపాడుదాం’ అని రంగుల్లో రాయించడం మన బడులకే చెల్లిన కళ.

‘పిల్లలు చేస్తే వంకరటింకరగా వస్తుందండీ’ అంటారు. రానివ్వండి. ఎనిమిదేళ్ల చెయ్యి గీసిన గోపురం నిటారుగా నిలబడితేనే అనుమానించాలి. వంకరను చూసి మళ్లీ గీయడమే కదా అసలు పాఠం! ‘మరి సామానో?’ అని మరో ప్రశ్న. కోనసీమలో నిలబడి అడగాల్సిన మాటేనా అది? కొబ్బరాకు చుడితే బూర, మడిస్తే చేతి గడియారం. తిని పారేసిన ముంజకాయలు రెండింటిని పుల్లతో కలిపితే బండి. పైసా ఖర్చు లేదు, పెద్దల సాయం అక్కర్లేదు. ఇదంతా కుదరదు, థర్మాకోల్ చార్మినారే కావాలంటారా? సరే, మార్కులతో పాటు నాన్నకు హాజరు కూడా వేసేయండి!