నాలుగు సున్నాలు

మా నాయనమ్మ కాలంలో ప్యాషన్‌ని పిచ్చి అనేవారు. నాటకాల పిచ్చి, పేకాట పిచ్చి, కోడిపందేల పిచ్చి. తెల్లవార్లూ హార్మోనియం ముందు కూర్చుని పద్యాలు పాడిన కుర్రాడు పొద్దున్నే చేనుకి నీళ్ళు పెట్టడం మరిచిపోతే, వాళ్ళ నాన్న చేతికందినదాంతో ఆ ప్యాషన్‌ని దులిపేవాడు. అప్పట్లో పిచ్చి ఉన్నవాడికి పిల్లనిచ్చేవారు కాదు. ఇప్పుడు అది లేనివాడికి ఉద్యోగం ఇవ్వడం లేదు.

నమ్మకపోతే ఏ ఉద్యోగ ప్రకటనైనా చూడండి. ఫోన్లో కస్టమర్ల తిట్లు వినడం మీద ప్యాషన్ ఉన్నవాళ్ళు కావాలి. ఇన్సూరెన్స్ పాలసీలు అంటగట్టడం మీద ప్యాషన్ ఉన్నవాళ్ళు కావాలి. జీఎస్టీ రిటర్నుల్లో జీవిత పరమార్థం చూడగలవాళ్ళకి ప్రాధాన్యం. జీతమెంతో మాత్రం ఉండదు. అడిగితే "అది తర్వాత మాట్లాడుకుందాం" అంటారు. పెళ్ళిచూపుల్లో కట్నం మాట పెద్దలు చూసుకుంటారు, ముందు అమ్మాయిని ఒక పాట పాడమనండి అన్నట్టు. మనం పాడతాం. "చిన్నప్పట్నుంచీ మీ కంపెనీ అంటే నాకు ప్రాణమండీ" అని శ్రుతి తప్పకుండా పాడతాం. ఆ కంపెనీ పుట్టి మూడేళ్ళే అయిందన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

ఉద్యోగం వచ్చాకైనా పాట ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. మొన్నామధ్య మా ఆఫీసులో ఒక శనివారం వర్క్‌షాపు పెట్టారు. శనివారం మాకు సెలవు. జీవితానికి అర్థం వెతుక్కోవడం ఎవరి సొంత పని వాళ్ళది కాబట్టి ఎవరి సొంత సెలవులో వాళ్ళు వెతుక్కోవాలని హెచ్చార్ వారి న్యాయం. తెల్ల చొక్కా, బుగ్గ మీదికి వాలిన మైకు, వెరసి ఒక శిక్షకుడు వచ్చాడు. రాగానే బోర్డు మీద ఒకదానిమీదికొకటి ఎక్కేలా నాలుగు సున్నాలు చుట్టాడు. మీకు ఇష్టమైనది మొదటి సున్నా. మీకు చేతనైనది రెండోది. లోకానికి కావలసినది మూడోది. మీకు డబ్బు తెచ్చేది నాలుగోది. నాలుగూ కలిసే చోట చింతగింజంత చుక్క పెట్టి, "ఇదే మీ ఇకిగాయ్, అంటే జపాను భాషలో బతుక్కి అర్థం" అన్నాడు. ఎనభై మందిమి ఆ చింతగింజలో సర్దుకోవాలి.

పసుపు చీటీలు పంచారు. మన బతుకు దేనికోసమో రాసి బోర్డుకి అంటించాలి. నా పక్క కుర్చీలో టెస్టింగ్ టీం కుర్రాడు తడుముకోకుండా "ఈఎంఐ" అని రాసి అంటించాడు. శిక్షకుడు ఆ చీటీ పీకి అందరికీ చూపించి, చిరునవ్వు నవ్వి, "ఇది అవసరం, పరమార్థం కాదు. ఇంకొంచెం లోతుకి వెళ్ళండి" అన్నాడు. కుర్రాడు ఇంకొంచెం లోతుకి వెళ్ళి "హోమ్ లోన్ ఈఎంఐ" అని రాశాడు.

ఆ సున్నాలు జపాను ఋషులెవరో తపస్సులో దర్శించినవన్నంత బిల్డప్ ఇచ్చాడు శిక్షకుడు. వాటి గోత్రం వేరు. ఆ బొమ్మ స్పెయిన్‌లో ఒక జ్యోతిష్కుడు గీసుకున్నది. 2014లో మార్క్ విన్ అనే బ్రిటిషాయన దాని నడిమధ్యన ఉన్న మాట తీసేసి అక్కడ "ఇకిగాయ్" అని రాశాడు. అంతే, దేశదేశాల హెచ్చార్‌లకి కులదైవం దొరికింది. జపానులో ఇకిగాయ్ మీద పేరున్న పుస్తకం 1966లో వచ్చింది. రాసింది మియెకో కమియా అనే మానసిక వైద్యురాలు. ఆవిడ కుష్ఠు రోగుల ఆస్పత్రిలో పనిచేస్తూ, ఊరు వెలేసిన మనుషులు ఏం పట్టుకుని బతుకుతున్నారో తెలుసుకోవాలనుకుంది. అక్కడ జీతం ఊసు లేదు, ప్రమోషన్ ఊసు లేదు. ఆ వార్డుల్లో పుట్టిన ప్రశ్న మా కాన్ఫరెన్స్ హాలు చేరేసరికి, డెడ్‌లైన్ లోపు పని రాబట్టే తాయెత్తు అయింది.

తర్వాత తెర మీదికి స్టీవ్ జాబ్స్ వచ్చాడు. ఆయన లేకుండా ఇలాంటి సభ మొదలుపెడితే విఘ్నేశ్వరుడి పూజ లేకుండా పెళ్ళి మొదలుపెట్టినంత దోషం. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో పట్టాలు పుచ్చుకునే పిల్లలకి, ప్రేమించే పని దొరికేదాకా రాజీపడొద్దని ఆయన చెప్పాడు. బాగా చెప్పాడు. అదే మనిషి 1974లో అటారీ కంపెనీలో చేరింది ఎందుకయ్యా అంటే, ఇండియా వచ్చి గురువుని వెతుక్కోవడానికి దారిఖర్చుల కోసం. కూటి కోసం కోటి విద్యలని మనవాళ్ళు ఏనాడో అన్నారు. టికెట్ కోసం ఒక విద్య ఆయన చేశాడు. ఆ స్లైడు మాత్రం ఎవరూ వెయ్యరు.

మన తెలుగువాళ్ళ ప్యాషన్ చరిత్ర రాయాలంటే అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సుల బోర్డులు చాలు. ఒకప్పుడు మనకి మెయిన్‌ఫ్రేమ్స్ అంటే ప్రాణం. తర్వాత జావా అంటే ప్రాణం. తర్వాత టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, డేటా సైన్స్. ఇప్పుడు ఏఐ. ఫ్లెక్సీ మారిన వారానికల్లా రెజ్యూమెల్లో చిన్ననాటి కల మారిపోతుంది. నేనూ అప్పటి సత్యం థియేటర్ పక్క సందుల్లో టీ తాగుతూ మూడు నెలల్లో నా చిన్ననాటి కల నేర్చుకున్నవాణ్ణే. సిగ్గేం పడటం లేదు. ఆ సందులు ఎన్నో ఇళ్ళ అప్పులు తీర్చాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాయి. "నీ పరమార్థమేమి నాయనా" అని అక్కడెవరూ అడగలేదు. "డెమో క్లాసు ఫ్రీ, ఫీజు రెండు వాయిదాలు" అన్నారు. అంత నిజాయితీ నాకు తర్వాత ఏ అద్దాల మేడలోనూ తగల్లేదు.

ప్రేమ పాఠం కింది అంతస్తుల్లో. పై అంతస్తుల్లో దానికి గంటల లెక్కుంది. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు, దేశం కోసం యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ గారి మాట బయటికొచ్చి, పాట 90కి పెరిగింది. ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య మొహం చూస్తారని కూడా ఆయన అడిగారు. గొడవయ్యాక, అదంతా దేశ నిర్మాణం గురించిన మాటని కంపెనీ సర్దిచెప్పింది. 2023-24లో ఆయన వేతనం సుమారు 51 కోట్లు. ఆ జీతానికి నన్ను గోడవైపు తిరిగి కూర్చోమన్నా కూర్చుంటాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలంది. పాపం, ఆ చట్టం రాసినవాళ్ళకి ప్యాషన్ సంగతి తెలియదు. కూలికి వచ్చినవాడికి ఇల్లొకటి ఉంటుందని మాత్రం తెలుసు.

ఇక మూడో సున్నా. లోకానికి కావలసిన పని. మా పెద్దమ్మ కూతురు పశ్చిమ గోదావరిలో ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. వర్క్‌షాపు అయిన వారానికి ఊరెళ్ళి కేంద్రం దగ్గర ఆగాను. అక్క వేలాడే కాటాకి గుడ్డసంచి తగిలించి, అందులో ఒక పిల్లాణ్ణి కూర్చోబెట్టి తూస్తోంది. వాడు కాళ్ళు తన్నుకుంటూ ఒకటే ఏడుపు. ముల్లు నిలవడం లేదు. అక్క బొడ్లోంచి తాళాలగుత్తి తీసి గలగలలాడించింది. వాడు ఏడుపు మరిచి నోరు తెరుచుకుని చూసిన ఆ రెండు క్షణాల్లో ముల్లు చదివేసింది. రిజిస్టర్లో రాస్తూనే "పోయిన నెలకంటే రెండొందల గ్రాములు తగ్గాడేంటే? ఏం పెడుతున్నావే వీడికి?" అని తల్లిని నిలదీసింది. అదే లెక్క మళ్ళీ ఫోన్లో ఎక్కించాలి. సిగ్నల్ కోసం గుమ్మం దాకా, గుమ్మం నుంచి వేపచెట్టు దాకా నడిచింది. తిరిగొచ్చి గుడ్ల ట్రేలు లెక్కపెట్టుకుంది.

నా బుద్ధి ఊరుకోదు కదా. "అక్కా, ఈ పని నీకు ప్యాషనా?" అన్నాను.

"ఫ్యాషనా? ఈ యూనిఫాం చీరలోనా!" అంది.

విడమరిచి చెప్పాను. గుడ్లు లెక్కపెట్టడం ఆపి, "ఒరే తమ్ముడూ, తగ్గిన పిల్లాడు మళ్ళీ బరువెక్కితే ఆ పూట నాకు అన్నం సయిస్తుందిరా. దాన్ని మీరేమంటారో నాకు తెలీదు. జీతం కూడా జీతంలా ఉంటే రోజూ సయిస్తుంది" అంది.

అక్క పొరబడింది. ఆవిడకి వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలని నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైన నాటి నుంచి ఆ పని పేరు సేవ. సేవకి జీతమిస్తే మైలపడుతుందని ఏలినవారి భయం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ గౌరవం నెలకి 11,500 రూపాయల దగ్గర ఆగిపోతే, 2023 డిసెంబర్ 12 నుంచి అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటిదాకా వాళ్ళు స్వచ్ఛంద సేవకులు. సమ్మె మొదలై నెల తిరక్కముందే ప్రభుత్వం సమ్మెలని నిషేధించే ఎస్మా చట్టం తీసి, వాళ్ళది అత్యవసర సేవ అంది. డబ్బడిగితే సేవ, పని ఆపితే అత్యవసరం. వీళ్ళకి గ్రాట్యుటీ హక్కుందని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు దిగిరావాల్సి వచ్చింది.

ఇప్పుడు బోర్డు మీద బొమ్మ నాకు అర్థమైంది. మూడో సున్నా నిండుగా ఉన్నవాళ్ళకి నాలుగోది నిండదు. నాలుగోది నిండినవాళ్ళకి మూడోది బోసిపోయి ఉంటుంది కాబట్టి, ఇత్తడి గిన్నెకి కళాయి వేయించినట్టు శనివారాల్లో శిక్షకుణ్ణి పిలిచి పరమార్థం పూయిస్తారు. మా అక్కని ఏ వర్క్‌షాపుకీ ఎవరూ పిలవరు. ఆవిడ దగ్గర పూయడానికి ఖాళీ లేదు.

పనిమీద ఇష్టాన్ని వెక్కిరిస్తున్నానని అనుకోకండి. మొండిగా సతాయించిన బగ్ అర్ధరాత్రి దొరికినప్పుడు నేనూ ఒంటరిగా నవ్వుకున్నవాణ్ణే. కానీ ఆ తాళాలగుత్తి ఉపాయం అక్క పసుపు చీటీ మీద రాసుకుని పనిలో చేరలేదు. ఏళ్ళ తరబడి పిల్లల్ని తూచగా తూచగా చేతికొచ్చింది. ఇష్టమనేది ఏటి ఇసకలో చెలమ నీరు. తవ్వగా తవ్వగా ఊరుతుంది. తవ్వేవాడికి గంజి పొయ్యాలి, పొద్దుగూకితే ఇంటికి పంపాలి. అవేవీ లేకుండా, ముందు నీళ్ళు చూపిస్తేనే పార ఇస్తానంటే ఎలా?

మా లెక్కల మాస్టారు బెత్తం ఊపుతూ ఒక ముక్క చెప్పేవారు. సున్నాకి సొంత విలువ లేదురా, ముందు అంకె ఉంటేనే దాని బతుకు. నాలుగు సున్నాల ముందు ఒకటి వేసి చూడండి. పదివేలు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఊళ్ళో ఆరోగ్యం చూసే ఆశా కార్యకర్తల నెల గౌరవాన్ని మూడువేల నుంచి పెంచింది సరిగ్గా అక్కడికే. లోకానికి అంత కావలసిన పని ముందు మనవాళ్ళు వెయ్యగలిగింది ఒంటి అంకె.

కాబట్టి శిక్షకుడు గారూ, మళ్ళీ మా శనివారం తినడానికి వచ్చినప్పుడు ముందు బోర్డు మీద మనిషి బతకగలిగే అంకె ఒకటి వేయించండి. మాకూ, మా అక్కకీ కూడా. తర్వాత మీ ఓపిక, ఎన్ని సున్నాలైనా చుట్టండి. అంకె లేకుండా చుట్టినదాన్ని మాత్రం మా ఊళ్ళో ఇకిగాయ్ అనరు. గుండుసున్నా అంటారు.